పలకాకు

మొన్న ప్రహరీ పక్కన గడ్డి చామంతి పీకుతుంటే, వేళ్లకంటిన పసరు వాసన నన్ను మిర్యాలగూడలో రెండో తరగతికి లాక్కెళ్లింది.

మేం దాన్ని పలకాకు అనేవాళ్లం. దాంతో రుద్దితే పలక నల్లగా నిగనిగలాడేది. మాకది నేర్పింది మేకలు కాసేవాళ్ల పిల్ల మల్లమ్మ. మాకు రైసుమిల్లు ఉండేది, నాది కొత్త పలక. అయినా సారు కాలువ గట్టుకు తీసుకెళ్లి ఆకుల పేర్లు అడిగినప్పుడల్లా మల్లమ్మనే మెచ్చుకునేవారు. నాకు కడుపు మండిపోయేది. మొక్కలే లేకపోతే దాని గొప్పేముంటుందనుకుని, ఒకరోజు గంట కొట్టకముందే బడిగోడ వెంట ఉన్న పలకాకంతా వేర్లతో పీకి గోడవతల పారేశాను. వెనక్కి వస్తుంటే కాల్లో గాజుపెంకు దిగింది.

నా ఏడుపు విని వచ్చిన మల్లమ్మ, రక్తం ఆపడానికి పలకాకు కోసం గోడ దగ్గరికి ఉరికి, ఉత్త చేతులతో వచ్చింది.

"మేక మేస్తే మొదలుంటది. ఎవరో చేతులతోని పీకిండ్రు," అంటూ నా అరచెయ్యి పట్టుకుని వాసన చూసింది. "యాడ పారేసినవ్?" అని మెల్లగా అడిగింది.

గోడవతలికి చూపించాను. ఆ ఆకులే తెచ్చి, నలిపి పసరు పిండింది. సుర్రుమంది. రక్తం ఆగింది.

అప్పుడే వచ్చిన సారు, "మంచి ఆకే పెట్టిండ్రు. ఎవరు తెంపిండ్రు?" అన్నారు.

"మా సావుకారి బిడ్డనే సార్," అంది మల్లమ్మ.

"శభాష్!" అని సారు నా తల నిమిరారు.

ఆ ఒక్క మాట కోసం ఎన్నాళ్లు కుళ్లుకున్నానో! అది దక్కిన రోజునే మల్లమ్మను చూసి అన్ని రోజులకన్నా ఎక్కువగా కుళ్లుకున్నాను.