సర్పట్ అని చెప్పినందుకు

పందొమ్మిదివందల యాభైల్లో టాంగా పందేలంటే, అదే గుర్రబ్బండ్ల పందేలంటే, దబీర్‌పురా నుంచి మలక్‌పేట దాకా నన్నెరగని వాడు లేడు. ఒక పందెంలో చక్రం ఊడి, బండి నా కుడికాలి మీద పడింది. ఆసుపత్రి నుంచి కర్ర పట్టుకుని బయటికొస్తే, "ఇగ నీ పని ఖతం భాయ్" అన్నారందరూ. ఖతమా? నా నోటికేమైంది! పందేలు పెట్టించే సేఠ్ దగ్గరికి పోయి, మైకు నాకిమ్మన్నాను. ఆ ఆదివారం నుంచి, బండ్లను వదిలే "చలో" మొదలుకుని పందెమంతా ఉర్దూ, తెలుగు కలిపి దంచేశాను. ఆ మాటల మీదే మా ఇల్లు నడిచేది.

మా పందెంలో గుర్రం దుల్కీలోనే, అంటే అడుగు తప్పని జోరునడకలోనే పోవాలి. సర్పట్ అందుకుని దౌడు తీసిందా, తోలేవాడు అక్కడికక్కడే బండిని ఒక చుట్టు తిప్పి మళ్లీ బయల్దేరాలి. పగ్గాలు పట్టిన మొదటి రోజే నేర్పేది అదే.

ఒకరోజు సేఠ్ సొంత బండే ముందుంది. దుమ్ములో, తప్పులు పట్టే పంచ్‌లకు ఏమీ కనబడలేదు. నాకు మాత్రం గిట్టల చప్పుడు మారడం తెలిసిపోయింది. నా పక్కనే ఉన్న సేఠ్‌కీ తెలిసింది. మైకుకు చెయ్యి అడ్డుపెట్టి, "చూడనట్టుండు. నోరు తెరిస్తే రేపటి సంది రాకు" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఆ చెయ్యి నెట్టేసి, "సర్పట్! ముందు బండి సర్పట్! చక్కర్ కొట్టు తమ్మీ!" అని అరిచాను.

తోలేవాడు సేఠ్ జీతగాడే. అయినా పగ్గం లాగి బండి తిప్పాడు. మూడు టాంగాలు వాణ్ణి దాటిపోయాయి.

"పంచ్‌లకే కనబడలే, ఎందుకు తిప్పినవ్‌రా బేవకూఫ్?" అని సేఠ్ వాడి మీద పడ్డాడు.

వాడు చెమట తుడుచుకుంటూ, "అన్న చెప్పిండు గద సాబ్" అన్నాడు.

సేఠ్ నా వైపు తిరిగి, మాఫీ అడగమన్నాడు.

"ఎందుకడుగుత? సర్పట్ అయితే సర్పటే అంట!"

మైకు లాక్కుని ఇంకెవడికో ఇచ్చాడు. ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందోనని భయమేసింది, అబద్ధమెందుకు? కానీ తలవంచుకుని పోతానా? ఆఖరి పందెం ఇంకా మిగిలే ఉంది. కర్ర ఊనుకుంటూ బండ్లు నిలిచిన గీత దగ్గరికి నడిచి, పక్కన విప్పి పెట్టిన ఒక ఖాళీ టాంగా మీదికెక్కి నిలబడ్డాను.

మైకులో "చలో" అని వినబడింది. మళ్లీ వినబడింది. ఒక్క బండీ కదల్లేదు. పగ్గాలు బిగబట్టి అందరూ నా వైపే చూస్తున్నారు.

"చలో!" అన్నాను.