గాజుల కొట్టు ముందు వెనకడుగు

మా ఇంట్లో మగవాళ్లు వెనకడుగు వేయరు. ఆళ్లగడ్డ బజారులో ఎద్దులబండి ఎదురొచ్చినా మా నాయన నిలబడేవాడు, బండే పక్కకు తిరిగేది. ఇప్పుడు ఆ బండ్లూ లేవు, ఆ ఇల్లూ మాది కాదు. నంద్యాలలో ఒక బియ్యం కొట్టు పైన అద్దె హాలులో కుంగ్‌ఫూ నేర్పుతున్నాను. నిటారు వీపు మాత్రం మిగిలింది. సాయంత్రానికి అదీ నొప్పి పుడుతుంది.

నేర్చుకునేవాళ్లలో ఒకామెకు ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర గాజుల కొట్టు ఉంది. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వస్తుంది. పక్క కొట్టువాడు మాటిమాటికీ వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంటున్నాడు. ఇలాగే సాగితే కొట్టు ఎత్తేయమని ఇంట్లో అంటున్నారట.

“ఈ గాల్లో గుద్దేదంతా నాకొద్దు సార్. పట్టుకుంటే ఇడిపిచ్చుకునేది చెప్పండి.”

ఒంటరిగా చేసే మా కదలికల వరుసలోనే అది ఉంది. కాలు వెనక్కి పడుతుంది, పిడికిలి నడుము దగ్గరికి తిరిగి వస్తుంది. చూసేవాళ్లకు ఊరికే చెయ్యి మడుచుకున్నట్టు ఉంటుంది. నిజానికి ఆ పిడికిలితో పాటు అవతలివాడి చెయ్యి కూడా రావాలి. పట్టుకున్న చేతిని మన రెండో చేత్తో అదిమి, ఒక అడుగు వెనక్కి వేసి నడుము తిప్పితే వాడే ముందుకు తూలుతాడు.

“వెనక్కి పోతే భయపడినట్టు గాదా సార్?”

“కాదమ్మా” అన్నాను. చెప్పడం తేలిక.

తోడుగా రమ్మంటే ఒకరోజు ఆళ్లగడ్డ వెళ్లాను. నేను కొట్టు ముందు ఉండగానే వాడొచ్చాడు. “కొత్తవేం వచ్చినాయి, చూపియ్యి” అంటూ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి అదిమి, అడుగు వెనక్కి వేసింది. వాడు బల్ల మీద బోర్లా పడ్డాడు. గాజులు పగిలాయి.

లేచి నన్ను చూశాడు, గుర్తుపట్టాడు. “ఏందప్పా, పెద్దింటాయన ఆడోళ్లకు కుస్తీ నేర్పిస్తాండాడా?” అని నా రొమ్ము మీద చేతులు వేసి తోయబోయాడు.

నేను కొడితే అది మా ఇంటికీ వాడి ఇంటికీ గొడవ అవుతుంది. ఆ గొడవలో మూతపడేది ఈమె కొట్టే. ఒక అడుగు వెనక్కి వేశాను, మా ఊరి బజారులో, అందరి ముందు. వాడు గాలిని తోసి, తూలి, నిలదొక్కుకున్నాడు.

“వెనక్కి పోతాండావే! గాజులు తొడుక్కో పో!”

నా మొహం మండింది. నేను నోరు తెరిచేలోగా ఆమె వాడితో అంది: “నీ సైజువి గూడా ఉండాయన్నా. దా, చెయ్యియ్యి.”

చెయ్యి చాపింది. వాడు ఇవ్వలేదు, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకున్నాడు. చుట్టుపక్కల కొట్లవాళ్లు గొల్లున నవ్వారు. వాడు గొణుక్కుంటూ పోయాడు.

ఆమె పగిలిన ముక్కలు ఊడ్చి, తర్వాత వచ్చిన మనిషికి గాజులు తొడగసాగింది.

నేను బస్సెక్కాను. వాడన్న మాట నంద్యాల దాకా నాతోనే వచ్చింది. సీటుకు వీపు ఆనించి కూర్చున్నాను. నిటారుగా కూర్చునే ఓపిక లేకపోయింది.