ఓబులమ్మక్క చెప్పులు సర్దిన రోజు

లా పాజ్‌లో ఆ హాస్టల్ మెట్లెక్కి, బల్ల వెనక కూర్చున్న ఆవిడతో నేనన్న మొదటి మాట నా మాటలా లేదు. "నాకు... కింది మంచం... ఇవ్వండి" అని ఇంగ్లీషులో అడిగేసరికి మధ్యమధ్య ఊపిరి కోసం ఆగాల్సి వచ్చింది. ఆండీస్ కొండల మధ్య, మబ్బులకి పొరుగున కట్టిన ఊరది. బెజవాడ ఎండల్లో పెరిగిన ఊపిరితిత్తులకి అక్కడి గాలి చాలదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. అయినా నన్ను భయపెట్టింది గుండె కాదు, ఆ తెగిపోయిన మాట. ఆ గొంతు ఓబులమ్మక్కది. చివరిసారి చూసినప్పుడు ఆవిడ అచ్చం అలాగే రెండు మాటలకోసారి ఆగి మాట్లాడింది.

హాస్టల్ ఆవిడ అరచెయ్యి గాలిలో మెల్లగా కిందికి దించుతూ నెమ్మది, నెమ్మది అన్నట్టు సైగ చేసి, కోకా ఆకులు వేసి మరిగించిన కషాయం ఇచ్చింది. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రుచి. పింఛను డబ్బుతో దేశాలు తిరిగేదానికి స్టార్ హోటళ్లు ఎక్కడ అచ్చొస్తాయి గనక, నాకెప్పుడూ ఇలాంటి చోట్లే గతి. "ఈ వయసులో కుర్రకారు మధ్య ఇనప మంచాల మీద పడుకోవడమేంటే తల్లీ" అని స్నేహితురాళ్లు దెప్పుతారు. ముక్కూ మొహం తెలియని వాళ్ల గురకల మధ్య హాయిగా నిద్రపోవడం నాకు కువైట్ నేర్పింది. గదిలోకి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయాను. అందరి బూట్లూ అక్కడ కుప్పగా పడున్నాయి. తడిసిన ఉన్ని వాసన, తోలు వాసన. ఆ కుప్పని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఓబులమ్మక్కది రాయచోటి పక్క పల్లె. కువైట్‌లో ఒక పెద్దింట్లో ఏళ్ల తరబడి పనిచేసింది. ఆ ఇంటావిడని, అక్కడి పనివాళ్లందరూ తమ యజమానురాళ్లని పిలిచినట్టే, "మామా" అని పిలిచేది. అక్క మోకాళ్లు అరిగాక మామా, ఊళ్లోనే రిగ్గై అనే పేటలో తమకున్న పాత ఫ్లాటు తాళాలు ఆవిడ చేతిలో పెట్టి, పనిచేసుకునే ఆడవాళ్లకి మంచాలు అద్దెకిచ్చుకోమంది. అయినా అక్క పొద్దున్నే మామా ఇంటికి వెళ్లేది. మామా బయటికెళ్లే వేళకి గడపలో ఆవిడ చెప్పులు కాళ్లకి అందేలా తిప్పిపెట్టి మరీ తిరిగొచ్చేది. మేమెవరైనా ఎగతాళి చేస్తే "చేతులకి అలవాటైపోయుండాదిమే, నేనేం చేసేది" అనేది.

నేను షర్క్ అనే పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి ఆ ఫ్లాటులో దిగాను. మిగతావాళ్లంతా కడప వైపు నుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. చదువుకున్నదాన్నన్న మాటే గానీ నా అంత పిరికిది ఆ ఇంట్లో మరొకతె లేదనుకునేదాన్ని, ఓబులమ్మక్కని చూసేదాకా. ఆవిడకి లిఫ్టంటే భయం, కుక్కలంటే భయం, గ్యాసు పొయ్యి వెలిగించాలంటే మొహం పక్కకి తిప్పుకునేది. ఆ మోకాళ్లతోనే మెట్లన్నీ ఎక్కొచ్చి, ప్రతి మలుపులోనూ గోడకానుకుని, "ఆ పెట్టిలో దూరి సచ్చేకన్నా ఇదే మేలు" అనేది.

వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం ఇంటి మీద బెంగపెట్టుకుని, పరాయి దేశమన్న భయం ముంచుకొచ్చి ఏడుస్తున్నాను. ఓదారుస్తుందేమో అనుకున్నాను. చేటెడు గోరుచిక్కుళ్లు తెచ్చి నా ఒళ్లో కుమ్మరించింది.

"భయమేస్తే ఏడువు పాపా, నేనేం వద్దనల్యా. చేతులు మాత్రం ఊరికే పెట్టుకోవాకు. ఊరికుండే చేతుల్లోకే దిగుతాది బెదురు."

ఏడుస్తూనే చిక్కుళ్లు తుంచాను. కూర ఉప్పగా ఉందని ఆ రాత్రి అందరూ నన్ను ఆట పట్టించారు.

తర్వాత ఆ ఆగస్టు వచ్చింది. తెల్లవారుజామున ఉరుముల్లాంటి చప్పుళ్లకి లేచాం. ఆ దేశంలో ఆగస్టులో ఉరుములేమిటి? కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ట్యాంకులు. ఇరాక్ సైన్యం వచ్చేసిందని కింది ఫ్లాటు మలయాళీలు చెప్పారు. వద్దు వద్దంటున్నా వినకుండా ఓబులమ్మక్క బుర్ఖా తగిలించుకుని మామా ఇంటికి బయల్దేరింది. ఇక తిరిగి రాదనే అనుకున్నాం. మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. వెనకాల పనిమనిషి బట్టల్లో, వట్టి కాళ్లతో మామా!

మామా భర్త, చిన్నపిల్లలు వేసవికి వేరే దేశంలో ఉన్నారు. పెద్దకొడుకు కువైట్ సైన్యంలో ఉద్యోగి. ఆ పొద్దున్నుంచీ అతని జాడ లేదు. తల్లిని పట్టుకుంటే కొడుకు తనంతట తానే వస్తాడని సైనికులు ఆ ఇంటికి వచ్చారట. వాళ్లు ముందు తలుపు దగ్గరుండగా అక్క ఆవిడని వంటింటి దారిన తప్పించి తెచ్చేసింది.

అక్కని పక్కకి లాగి, "ఈవిణ్ణి ఇక్కడ దాచావని తెలిస్తే మనందరినీ గోడకి నిలబెట్టి కాల్చేస్తారక్కా" అన్నాను.

"కాలుస్తారు," అంది ఆవిడ. "నాకు బెదురు లేదనుకుంటివా? దోవ పొడుగునా పేగులు చేతికొచ్చినాయి. అట్లని ఆయమ్మను యాడ ఇడిసిపెట్టేది? చెప్పు, నువ్వు చదువుకున్నదానివి."



ఆ రోజు నుంచీ మామా మా రెడ్డెమ్మ అయింది. నోరు విప్పితే అరబ్బీ బయటపడుతుంది గనక పుట్టుమూగ. ఆవిడ చామనఛాయ మనిషి కావడం మా అదృష్టం. చీర కట్టి, మా పాత చెప్పుల జత ఒకటి తొడిగితే రాయచోటి సంతలో కూడా ఎవరూ తిరిగి చూడరు. చిక్కంతా ఒంటితోనే వచ్చింది. గొంతుకూర్చోమంటే వెనక్కి పడిపోయేది. గిన్నె తోమమంటే దాన్ని చంటిబిడ్డలా పట్టుకునేది. ఆవిడని మించిన చిక్కు మావాళ్లతో. మామా గదిలోకి అడుగుపెట్టగానే కూర్చున్నవాళ్లంతా దిగ్గున లేచి నిలబడేవాళ్లు. ఓబులమ్మక్క తిట్టిపోసేది.

"ఆయమ్మ వస్తే ఎవురు లేస్తే వాళ్ల కాళ్లు ఇరగ్గొడతా! రెడ్డెమ్మ మే, రెడ్డెమ్మ! మన మాదిరే పనిదేసుకునే ఆడది. గమ్మున కూచోండి."

మెల్లమెల్లగా అందరం నేర్చుకున్నాం. కూర్చోవడం మేము, గొంతుకూర్చోవడం మామా. అందరం ఒకే పళ్లెం చుట్టూ చేరి పప్పూ రొట్టె తినేవాళ్లం. బయట తుపాకులు పేలితే మామా చెయ్యి పళ్లెంలో ఆగిపోయేది. ఆమె కొడుకు గురించి మేమెవరం ఎత్తేవాళ్లం కాదు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే చాలు, ఊపిరి బిగబట్టి, అది పై అంతస్తుకి వెళ్లిపోయాక ఒకరి మొహాలు ఒకరం చూసుకునేవాళ్లం.

ఒక మధ్యాహ్నం ఆ బూట్లు పైకి పోలేదు.

తలుపు తీయగానే ఒక అధికారి, ఇద్దరు కుర్ర సైనికులు లోపలికొచ్చారు. దాక్కున్న కువైటీల కోసం బిల్డింగంతా గాలిస్తున్నారు. అందరూ వరండాలోకి వచ్చి నిలబడండి అన్నాడు అధికారి. మామా గుమ్మానికి దగ్గరగా ఉంది. ఆవిడే ముందు లేచింది. ఆవిడ లేవగానే ఓబులమ్మక్క వంగి, గుమ్మం దగ్గరి మా అందరి చెప్పుల కుప్పలోంచి ఆవిడ చెప్పులు తీసి, కాళ్లకి అందేలా తిప్పి ముందు పెట్టింది.

మాకందరికీ పాఠాలు చెప్పిన మనిషి! మా అందరి తప్పులూ కనిపెట్టి దిద్దిన మనిషి! ఏళ్ల అలవాటు, బుర్రకి తెలిసేలోపే చేతులు ఆ పని చేసేశాయి. అధికారి చూపు ఆ చెప్పుల మీద పడింది. అక్కడి నుంచి మామా మొహం మీదికి పోయింది. "ఎవరీవిడ?" అన్నాడు అరబ్బీలో. ఒక పనిమనిషి ఇంకో పనిమనిషికి చెప్పులు అందిస్తుందా? అయిపోయాం అనుకున్నాను. అక్క ఇంకా వంగే ఉంది. ఆవిడ వేళ్లు మామా చెప్పుల మీదే ఆగి ఉన్నాయి.

తర్వాత ఆ వేళ్లు కదిలాయి. పక్కనున్న జత తీశాయి. వాటినీ తిప్పి, అవి ఎవరివో వాళ్ల కాళ్ల ముందు టపీమని పెట్టాయి. తర్వాత ఇంకో జత. తర్వాత నావి.

"యాడబడితే ఆడ ఇడిస్తారు, కొంపలో ఒక పద్దతా పాడా! ఎన్ని దినాలు చెప్పల్ల మీకు? తొడుక్కోండి, తొడుక్కోని పోండి బయటికి!"

మొత్తం కుప్పంతా అలాగే తిట్టుకుంటూ, వంగిన నడుము ఎత్తకుండా సర్దింది. ఆఖరికి ఒక్క చెప్పు మిగిలింది. అది అధికారి బూటు కింద ఉంది. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది. ఓబులమ్మక్క ఆ బూటుని వేలితో తట్టి, "యల్లా బాబా, కాలు తియ్యి" అంది.

అతను కాలు తీశాడు. ఇంట్లో పెద్దవాళ్లు కసురుకుంటే పిల్లాడు తీసినట్టు తీశాడు. సైనికుల్లో ఒకడు కిసుక్కున నవ్వాడు. ఆవిడ చెప్పు తీసుకుని, దులిపి, జతలో పెట్టింది. అధికారి విసుగ్గా చెయ్యి విదిలించి "ఖలాస్, యల్లా", ఇక చాలు పదండి, అని ఆ కుర్రాళ్లని తీసుకుని మెట్లెక్కిపోయాడు.

తలుపేశాక ఓబులమ్మక్క స్నానాల గదిలోకి వెళ్లి వాంతి చేసుకుంది. లేవలేకపోయింది. మామా వెళ్లి ఆ తడినేల మీదే ఆవిడ పక్కన గొంతుకూర్చుంది. ఈసారి వెనక్కి పడలేదు. అక్క చేతులు రెండూ తన ఒళ్లో పెట్టుకుని అరబ్బీలో ఏదో గొణుగుతూ ఉండిపోయింది.

"నీకంత ధైర్యం ఎక్కడిదక్కా?" అన్నాను నేను, నీళ్లిస్తూ.

"ధైర్యమెక్కడిది పాపా? చెయ్యి తప్పు చేసిందని ఆడనే నిలిపితే దొరికిపోతాం. ఆ పనే అందరికీ చేస్తే ముసిల్దాని చాదస్తమనుకుంటారు. నిలిపితే సస్తామని తెలిసె, అంతే."

కొన్నాళ్లకి మనవాళ్లు జోర్డాన్ దాకా బస్సులు మాట్లాడారు. అక్కడి నుంచి విమానాల్లో పంపిస్తారట. అందరం మూటలు కట్టుకున్నాం. ఓబులమ్మక్క కట్టుకోలేదు. కాగితాల్లేని మామాకి సరిహద్దు దాటే దారి లేదు, మామాని వదిలి అక్క రాదు. చేతులు పట్టుకుని బతిమాలాను. ఏడ్చాను. "నువ్వు ఏడుస్తా నిలబడితే బస్సు పోతాది" అని, వంగి నా చెప్పులు గుమ్మం వైపు తిప్పిపెట్టింది. అవి తొడుక్కుని మెట్లు దిగుతుంటే వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. తిరిగి చూస్తే దిగనని తెలుసు.

యుద్ధం ముగిశాక చాన్నాళ్లకి, ఆవిడ ఊరు చేరిందని తెలిసి చూడ్డానికి వెళ్లాను. సైన్యం పోతూ పోతూ నూనె బావులకి నిప్పంటించిందనీ, నెలల తరబడి పట్టపగలే చీకటనీ పేపర్లలో చదివాను. ఆ పొగంతా అక్క రొమ్ములో ఉంది. నులకమంచం మీద దిండ్లకానుకుని కూర్చుంది. చేతుల్లో సగం ఒలిచిన వేరుశనక్కాయలు.

"మామా... బాగుండాది," అంది. ఆగింది. "కొడుకు... రాలా."

ఆవిడ ఇంకో కాయ ఒలిచింది.

"ఇప్పుడన్నా భయం పోయిందా అక్కా?"

"యాడికి... పోతాది? ఈణ్నే... కూచోనుండాది." మంచం మీద తన పక్కన చోటు చూపించి, శనక్కాయల చేట నా వైపు జరిపింది. తర్వాత నేను ఆవిడని చూడలేదు. మరుసటేడు పోయిందని కబురొచ్చింది.

లా పాజ్ గదిలో దీపాలు వెలిగే వేళకి పై మంచం మీది పిల్ల లేచి కూర్చుని ఎగశ్వాసతో ఏడవడం మొదలుపెట్టింది. ఏ దేశమో తెలియదు, ఇరవై దాటి ఉండదు. ఊపిరందడం లేదు, చచ్చిపోతానేమో అంటోంది. హాస్టల్ ఆవిడ పరుగున వచ్చి నాడి చూసి, ఎత్తుకి కొత్తవాళ్లందరికీ ఇలాగే ఉంటుంది, ఈ పిల్లకి భయం కలిసింది అని చెప్పి కషాయం పెట్టడానికి వెళ్లింది. ఆ కొండ మీద ఒంటరిగా ఈ రాత్రే పోతానేమో అని నాకూ అనిపించింది. ఏ ధైర్యం చెప్పను? చెప్పడానికి నా దగ్గర ఊపిరే లేదు.

మెల్లగా లేచి గుమ్మం దగ్గరికెళ్లి నేల మీద గొంతుకూర్చున్నాను. ఒక బూటు తీసి దానికి జత వెతికాను. రెండూ కలిపి వాకిలి వైపు తిప్పిపెట్టాను. ఇంకో జత. ఇంకోటి. కాసేపటికి వెనక ఏడుపు సన్నబడింది. ఆ పిల్ల దుప్పటి కప్పుకుని దిగొచ్చి నా పక్కన నిలబడింది.

"ఏం చేస్తున్నారు?" అంది.

"భయపడుతున్నాను," అని, ముడిపడిపోయిన ఒక బూటు తాడు ఆమె చేతికిచ్చాను. కూర్చుని విప్పడం మొదలుపెట్టింది.