కప్ప పాట నాది కాదు

పోయిన నెల కలిగిరిలో ఒక పెళ్లికి పోయాను. భోజనాల పందిట్లో పాటకచ్చేరి నడుస్తోంది. మైకు పట్టుకున్నాయన నన్ను గుర్తుపట్టి, "కప్ప పాట కట్టిన మాస్టారు మన మధ్యనే ఉండారు" అని అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. నేను లేచి, "ఆ పాట నాది కాదు, ఉదయగిరి ఆమెది" అన్నాను. జనం ఇంకా గట్టిగా కొట్టారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని, "అంత పాట కట్టి నాది కాదంటివే! ఎంత మనసయ్యా నీది" అన్నాడు.

నిజం చెబితే వినయం అనుకున్నారు. తప్పు వాళ్లది కాదు. నేను సగమే చెప్పాను. మిగతా సగం కూడా చెప్పి ఉంటే ఆ పెద్దమనిషి నా చెయ్యి వదిలేసి ఉండేవాడు. ఇప్పుడు మొత్తం రాస్తున్నాను.

తొంభైల్లో ఆత్మకూరులో ఒక పెద్దాయనకు మైకుసెట్ల అంగడి ఉండేది. దాంతోపాటు చిన్న ఆర్కెస్ట్రా కూడా నడిపేవాడు. అందులో నేను కీబోర్డు వాయించేవాణ్ణి. డోలక్ వాయించే భాయ్‌ది ఉదయగిరి. కచ్చేరి లేని రోజుల్లో ఆయన ఇంటి ముందు కూర్చుని చెక్క గరిటెలు చెక్కుకునేవాడు. అనంతసాగరం నుంచి వరికుంటపాడు దాకా పెళ్లిళ్లకూ, చర్చి పండగలకూ, బడి వార్షికోత్సవాలకూ మేమే.

కచ్చేరికి ప్రాణం చీటీలు. జనం సిగరెట్ పెట్టె అట్ట మీదో, పెళ్లిపత్రిక వెనకో తమకు కావలసిన పాట రాసి ముందు వరసకు అందిస్తారు. అది చేతులు మారి మారి స్టేజీ ఎక్కుతుంది. ఎవరు రాసిందీ ఎవరికీ తెలియదు. అందుకే పాటలతోపాటు తిట్లూ వచ్చేవి. ఇప్పుడు ఫోన్లలో పాట పెడితే దాని కింద జనం రాసే రాతలు చూసి మా ఇంట్లో పిల్లలు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. నాకు మాత్రం అవి కొత్త కాదు. అవన్నీ నేనెరిగిన చీటీలే. కొన్ని నేను రాసినవే.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఏ చీటీ అయినా ముందు నా చేతికి రావాలి. ఆ పాట ఎవరు పాడాలో చూసి, పాడేవాళ్ల శృతి అంకె చీటీ మూల వేసి అందించేవాణ్ణి. ఆ అంకె చూస్తే ఎవరి వంతో వాళ్లకు తెలిసిపోయేది. తిట్టు చీటీకి అంకె అక్కర్లేదు. దాన్ని నలిపి కీబోర్డు స్టాండు కింద పడేసేవాణ్ణి.

మా దగ్గర పాడే అమ్మాయి పెళ్లై వెళ్లిపోయాక, పెద్దాయన ఉదయగిరి నుంచి ఒకామెను తీసుకొచ్చాడు. అక్కడి బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్‌లో కూర్చునేది. చర్చిలో పాడుతుండగా విన్నాడట. వయసులో నాకంటే ఒకటి రెండేళ్లు పెద్దదేమో. అందరం సిస్టర్ అనే పిలిచేవాళ్లం. ఆమె గొంతు బరువుగా, అడుగున కొంచెం గరగరతో ఉండేది. మా వైపు ఆడవాళ్లు మామూలుగా ఐదు, ఐదున్నర శృతిలో పాడతారు. ఆమెది రెండున్నర. మగవాళ్ల శృతి.

మొదటి కచ్చేరి కలిగిరిలోనే. ఆమె రెండు పాటలు పాడేసరికి చీటీలు వచ్చిపడ్డాయి. 'జలుబు తగ్గినాక రమ్మనండి' అని ఒకటి. 'ఆ మగరాయుడికి చీర ఎవరు కట్టినారు' అని ఇంకొకటి. నేను నలపబోతుంటే ఆమె చెయ్యి చాపింది.

"అవి కూడా ఇయ్యండి మాస్టారూ."

"ఎందుకు సిస్టర్? పనికిమాలినోళ్ల రాతలు."

"నాకొచ్చినయ్యి గదా. నేను చదువుకోవద్దా?"

చదివింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. తర్వాతి పాట ఎక్కడా తడబడకుండా పాడింది. పెద్దాయన నా వైపు వంగి, "ఈమెకు గుండె ఉండాదిరా" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

నచ్చకపోవడానికి కారణం ఉంది. నాకు సొంతంగా పాటలు కట్టాలని ఉండేది. ప్రతి కచ్చేరిలో ఒక సొంత పాటకు పెద్దాయన చోటిచ్చేవాడు, అది నాది. నా పాట మొదలుకాగానే జనం లేచి చేతులు కడుక్కోవడానికి పోయేవాళ్లు. నేను దాన్ని భోజనాల వేళ తప్పనుకున్నాను. కానీ రెండు మూడు నెలల్లోనే ఆమె పాడుతుంటే విస్తరాకు ముందు నుంచి లేవనివాళ్లు కనిపించారు. తిట్టు చీటీలతోపాటు 'ఆ బొంగురు గొంతామెతోనే పాడించండి' అనే చీటీలూ మొదలైనాయి. ఒక రోజు అంగట్లో పెద్దాయన, "సొంత పాట ఈసారి ఆమెను కట్టమందామా?" అన్నాడు. తమాషాకు అన్నాడో నిజంగానే అన్నాడో నేను అడగలేదు.

ఆ వారంలోనే అనంతసాగరంలో ఒక పెళ్లి. పగటి పూట కచ్చేరి. విరామంలో టీ తాగే నెపంతో బయటికి పోయి, పెళ్లిపత్రిక వెనక ఎడమ చేత్తో రాశాను. 'కప్పా, ఎండాకాలంలో అరవబాకు. నువ్వరిస్తే వాన రాదు.' వెనక వరసలో ఒకాయన భుజం మీదుగా దాన్ని ముందుకు పంపించి, ఏమీ తెలియనట్టు వచ్చి కీబోర్డు ముందు కూర్చున్నాను. చీటీ చేతులు మారుతూ వచ్చింది. నేను చదివినట్టు నటించి, ఆమెకు ఇవ్వబోయి ఆగినట్టు కూడా నటించాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను.

ఆమె ఒకసారి చీటీని చూసింది, ఒకసారి నన్ను చూసింది. మడిచి బ్యాగులో పెట్టుకుంది. మొహం మారుతుందేమోనని కాచుకుని ఉన్న నాకు ఏమీ దొరకలేదు.

నెల తర్వాత కీబోర్డు వైరు ఏదో తేవడానికి ఉదయగిరి పోయి, బూత్ దగ్గర ఆగాను. ఫోన్ బిల్లులు గుచ్చే కమ్మీ ఒకటి ఆమె బల్ల మీద ఉండేది. బిల్లులతోపాటు మా చీటీలు కూడా దానికి గుచ్చి ఉన్నాయి. భాయ్ కూడా అక్కడే ఉన్నాడు, చేతిలో తాను చెక్కిన రెండు గరిటెలు. ఆమె ఏదో అంటోంది, ఆయన గరిటెలు ఒకదానికొకటి తట్టి చూపిస్తున్నాడు.

"అట్ట కాదు భాయ్. చినుకు మాదిరి పడాల. ఒకటి పడి, ఆగి, రెండు పడాల."

"చినుకా? మన ఊళ్లో చినుకు పడి ఎన్నాళ్లైందో! ఎట్టా పడతాదో మర్చిపోయినా సిస్టర్" అన్నాడు భాయ్.

ఆ ఏడు నిజంగానే వానల్లేవు. బావులు అడుగంటాయి. మా పడమటి పల్లెల్లో వానలు మొహం చాటేస్తే ఆడవాళ్లు కప్పను రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి, దాని మీద నీళ్లు పోయిస్తారు. ఆమె చర్చికి పోయే మనిషి, ఆ తతంగంలో ఎప్పుడూ లేదు. కానీ ఆ ఊళ్లలో పుట్టినామె, చూసి ఉంటుంది. నేను తిట్టుగా రాసిన మాట చేతిలో పడగానే ఆమెకు రోకలికి కట్టిన కప్ప గుర్తొచ్చింది. నేను ఆ ఊళ్లలోనే పెరిగాను, నాకు రాలేదు.

వరికుంటపాడు వైపు ఒక పల్లెలో పెళ్లి కచ్చేరిలో ఆమె ఆ పాట మొదటిసారి పాడింది. సొంత పాట చోటు అడిగితే పెద్దాయన వెంటనే ఇచ్చాడు. ఆమె నా వైపు తిరిగి, "రెండున్నర పట్టండి మాస్టారూ. ఉత్త శృతే చాలు, వేరే ఏం వాయించొద్దు" అంది. భాయ్ డోలక్ పక్కన పెట్టి గరిటెలు తీసుకున్నాడు.

కప్పనన్నావు, ఒప్పుకున్నానన్నా
నీళ్లులేని ఊళ్లో నోరు మూసుకోలేనన్నా
నేనరిస్తే మబ్బైనా తిరిగి చూసేనన్నా
నువ్వరిస్తే నీ ఇంటి పిల్లైనా చూసేనా?

రెండో చరణంలో జలుబు వచ్చింది. మూడో చరణంలో చీర కట్టిన మగరాయుడు వచ్చాడు. కమ్మీకి గుచ్చిన చీటీలన్నీ ఒకదాని వెనక ఒకటి పాటలోకి నడిచొచ్చాయి. రాసినవాళ్లలో ఒకరిద్దరు ఆ పందిట్లోనే ఉండి ఉంటారు. వాళ్లూ నవ్వారు. ఆకుల ముందు నుంచి ఒక్కరూ లేవలేదు. చివరి చరణానికి ఒక అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, స్టేజీ ఎక్కి, ఆమె నెత్తిన కుమ్మరించేసింది. పెద్దాయన పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, మైకు! మైకు తడస్తాది! కరెంటు అవ్వా!"

"నీ మైకు ఎండకపోతుందా? వాన రానీలేరా ముందు" అంది అవ్వ.

ఆమె తడిసిన మొహంతోనే నవ్వుతూ పాట పూర్తి చేసింది. నేను ఒకే మెట్టు నొక్కి పట్టుకుని కూర్చున్నాను. నా పాట కాని పాటలో నా పని అదొక్కటే అని తెలుస్తున్నా, ఆ రోజు నేను వాయించినంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఇది నిజం.

సామాను సర్దుతుంటే ఆమె చీటీ తీసి నా ముందు పెట్టింది.

"ఇది ఎవురు రాసినారో తెలుసా మాస్టారూ?"

"ఎవడో తాగుబోతు."

"తాగుబోతుకు నా శృతి ఎట్టా తెలిసె?"

చూశాను. మూలన 'రెండున్నర' అని అంకె ఉంది. చీటీ రాయడం అయిపోగానే మూల అంకె వేసే చేతికి అలవాటు. ఎడమ చెయ్యైనా మరిచిపోలేదు. తిట్టు చీటీకి నేనెప్పుడూ శృతి వెయ్యననీ, ఆ రోజు చీటీ అందుకున్నాక కలం ముట్టుకోలేదనీ ఆమెకు తెలుసు.

నేను కీబోర్డు వైరు చుట్టడం మొదలుపెట్టాను. ఆమె, "సరే. చెప్పాలనిపించినప్పుడు చెప్పండి" అని చీటీ మళ్లీ లోపల పెట్టుకుంది. అంతే. పెద్దాయనకు చెప్పలేదు, భాయ్‌కీ చెప్పలేదు.

అక్కడితో ఆగి ఉంటే నేను ఒక చెడ్డ చీటీ రాసిన మనిషినే. ఆగలేదు.

పాట ఊరూరా పాకింది. పెద్దాయన క్యాసెట్ వేద్దామన్నాడు. అంగడి వెనక గదిలో దుప్పట్లు కట్టి రికార్డు చేశాం. క్యాసెట్ అట్ట నెల్లూరులో అచ్చు వేయించే పని నాకప్పగించాడు. బయల్దేరేటప్పుడు అడిగాడు, "కప్ప పాట రచన ఎవరిదిరా?"

"నాదే" అన్నాను. సొంత పాట చోటు మొదటినుంచీ నాదే గనక, ఆమెకు నేనే కట్టిచ్చాననుకుని ఆయన మళ్లీ అడగలేదు.

ఆ మాట అనడానికి నాకు కష్టం కూడా కాలేదు. కప్ప అన్న మాట మొదట రాసింది నేనే కదా, వాన అన్న మాట నాదే కదా అని నెల్లూరు బస్సులో దారి పొడుగునా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అట్ట మీద గానం ఆమె పేరు, రచనా స్వరకల్పనా నా పేరు అచ్చయినాయి.

క్యాసెట్ ఆమె చేతికి ఇచ్చిన రోజు బూత్‌లో ఎవరూ లేరు. అట్ట తిప్పి చదివింది. కమ్మీ నుంచి ఆ చీటీ ఒక్కటే తీసి బల్ల మీద నా వైపు తోసింది.

"చీటీ మీది మాస్టారూ. తీసుకోండి. పాట నాది."

నేను ఏదో గొణిగాను. రెండో ముద్రణలో సరిచేస్తానని కాబోలు.

"తిట్టినోళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లు ఇచ్చింది నాకు పనికొచ్చింది. మీరు తీసుకున్నది మీకు ఎందుకు పనికొస్తాదో చెప్పండి."

పనికొచ్చిందా అంటే పైకి పనికొచ్చినట్టే. మాస్టారూ అని పందిళ్లలో కుర్చీ వేశారు. కానీ ఆ తర్వాత నేను కట్టిన ఒక్క పాటకైనా జనం ఆకు ముందు ఆగలేదు. ఆమె మా ఆర్కెస్ట్రా మానేసింది. పాడటం మాత్రం మానలేదు. ఉదయగిరి చర్చిలో ఆమె కట్టిన కొత్త పాటలు వినడానికి భాయ్ గరిటెలు పట్టుకుని పోయేవాడు. ఆయన మతం వేరని ఎవరూ అనలేదు.

ఆ దశాబ్దం చివర్లో ఒక క్రిస్మస్‌కు నేనూ పోయాను. వెనక బెంచీలో కూర్చుని కుడి చేత్తో చీటీ రాశాను. 'కప్ప అని రాసింది నేను. పాట కట్టింది మీరు. నన్ను క్షమించండి.' కింద నా పూర్తి పేరు. మూలన అలవాటు కొద్దీ రెండున్నర. చీటీ చేతులు మారుతూ ముందుకు పోయింది. ఆమె చదివి మడుచుకుని పాట అందుకుంది. పైకి చదవలేదు. చదువుతుందేమోనని భయపడ్డాను. చదవనందుకు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊపిరి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

బయట చెప్పులు వేసుకుంటుంటే ఆమె వచ్చింది.

"చీటీ నాకెందుకు రాసినారు మాస్టారూ? నాకు తెలిసిందే గదా. తెలియంది వాళ్లకి" అని వెనక వస్తున్న జనాన్ని చూపించింది.

ఆమె ఇప్పుడు కూడా ఉదయగిరిలోనే ఉంది, పాడుతోంది. బూత్ మూతపడింది. కమ్మీ మాత్రం ఇంట్లో ఉందని భాయ్ చెప్పాడు. ఇది రాసే ముందు ఆమెకు ఫోన్ చేసి, అంతా రాస్తున్నానని చెప్పాను. "చీటీ సంగతి కూడానా?" అంది. కూడానే అన్నాను. "అయితే రాయండి" అంది.

కాబట్టి తెలియనివాళ్లకు చెబుతున్నాను. కప్ప పాట రచన, స్వరం, గొంతు మూడూ ఆమెవి. గరిటెలు భాయ్‌వి. ఒకే మెట్టు నొక్కి పట్టుకున్న వేలు నాది. అనంతసాగరం పెళ్లిలో వచ్చిన ఆ చీటీ కూడా నాదే. అది నా దగ్గరే భద్రంగా ఉంది, చూడాలనుకున్నవాళ్లు వచ్చి చూడొచ్చు. ఈసారి ఏ పందిట్లోనైనా నా పేరు చెబితే లేచి, చీటీ దగ్గర నుంచి మొదలుపెడతాను.