కుడి పక్క కుర్చీ

దెయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే, లెక్క చూపించమని అడిగే రకం నేను. చదువు ఏడో తరగతితో ఆగింది. లెక్కలు సొంతంగా నేర్చుకుని కువైట్‌లోని అర్దియాలో ఒక స్పేర్ పార్ట్స్ గోదాములో స్టాకు చూసేవాణ్ని. లెక్కకు అందనిదేదీ నమ్మలేదు.

2016లో నీటికాసుల జబ్బు, అదే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తినేసే గ్లకోమా, బయటపడింది. అప్పటికే కుడి కన్ను పోయింది. ఎడమ కంట్లో ఒత్తిడి, చుక్కల మందు వేస్తున్నా ఇరవై ఆరు. ఇరవై ఒకటి దాటకూడదు. ఆ కన్నూ పోతే నా బతుకు అంతే.

డాక్టరు రెండు దారులు చెప్పాడు. పెద్ద ఆపరేషన్‌తో ఒత్తిడి బాగా దిగుతుంది, ప్రమాదమూ ఎక్కువే. రెండోది, బియ్యపు గింజకన్నా చిన్న గొట్టం కంట్లో పెట్టి నీటికి దారి చేయడం. ప్రమాదం తక్కువ, దిగేదీ తక్కువే. ఉన్నది ఒక్క కన్ను కాబట్టి చిన్నదే ఒప్పుకున్నాను.

ఆపరేషన్ రోజు ఉదయం ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. కుడి పక్క నుంచి, నాకు చూపు లేని వైపు నుంచి, ఒక ఆడమనిషి మాట వినిపించింది. మా కడప యాసే.

"అన్నా, నీదీ నీటికాసులేనా? నాకూ ఆ చిన్న గొట్టమే పెట్టిరి. అయినంక ఖలాస్ అనిరి. మందు గూడా ఖలాస్ అనుకుంటి. చుక్కలు నిలిపేస్తి. రొండు కండ్లూ పాయ."

"మామా ఇంటి పని గూడా ఖలాస్ అనుకోలేదు గదమ్మా?" అన్నాను. ఇక్కడ ఇళ్లలో పనిచేసేవాళ్లు యజమానురాలిని మామా అంటారు.

"నవ్వు, నవ్వు. నీకూ అదే మాట చెప్తారు."

తల తిప్పాను. కుర్చీ ఖాళీ.

"ఎవరితోనండీ మాట్లాడుతున్నారు?" ఎదురుగా నిలబడి ఉన్న నర్సు అడిగింది. ఆమెది భీమవరం వైపు. "ఇందాకట్నుంచీ అక్కడెవరూ లేరండి."

ఆపరేషన్ అయింది. థియేటరు మనిషి నా భుజం తట్టి "ఖలాస్, యల్లా" అన్నాడు, అయిపోయింది, ఇక పద అని. వెంటనే నర్సును చుక్కల సంగతి అడిగాను.

"డాక్టరు గారు చెప్పేదాకా మానకూడదండి. ఆయన ఖలాస్ అన్నది ఆపరేషన్ గురించి."

అప్పుడు ఆ ఆడమనిషి మాటలు ఆమెకు చెప్పాను. నర్సు ముఖం పాలిపోయింది.

"ఓబులమ్మండి. రాయచోటి. ఇలాగే చుక్కలు మానేసింది. చూపు పోయాక కఫీల్, అదేనండి వీసా ఇచ్చిన యజమాని, ఇండియా పంపేశాడు. ఏడాది దాటిందండి."

ఆమె బతికే ఉందట. నర్సు దగ్గర నంబరు తీసుకుని, వారం తర్వాత గోదాము ఫోను నుంచి చేశాను. "అమ్మా, కువైట్ నుంచి" అన్నానంతే.

"చుక్కలు ఏసుకుంటాండావా అన్నా?"

"ఏసుకుంటాండానమ్మా."

"ఆ. నిలపొద్దు." ఫోను పెట్టేసింది.

నేను ఫోను చేస్తానని నర్సు ఆమెకు ముందే చెప్పి ఉంటుందనుకున్నాను. అడిగితే, చెప్పలేదని బైబిల్ మీద ఒట్టేసింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ నంబరు కలవలేదు.

ఎడమ కంట్లో ఒత్తిడి ఇప్పుడు పదహారు. గొట్టం వల్ల ఎంత దిగిందో, చుక్కల వల్ల ఎంత దిగిందో డాక్టరు విడదీసి చెప్పాడు, నాకు అర్థమైంది. ఎన్నడూ నన్ను చూడని ఓబులమ్మ నా గొంతు ఎలా గుర్తుపట్టిందో మాత్రం ఇవాళ్టికీ చెప్పలేను.