కోసిన వేళ

వీధి చివరి భోజనశాల యజమానురాలు ఒక్కచోట కూర్చోగా ఎవరూ చూడలేదు. ఊరి పక్క తోటలోంచి గంప దిగితే తప్ప, గుమ్మంలోని పలక మీద ఆనాటి కూర పేరు ఆమె రాయదు. రాసేదాకా గిరాకీ బయటే నిలబడి ఉంటుంది. ఆ రోజు పదకొండు దాటినా గంప రాలేదు. ఆమె పొయ్యికీ గుమ్మానికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. ఇదే అదనని కూరగాయల కంపెనీ ఏజెంటు ఒప్పందపత్రం పరిచి, కలం అందించాడు. "ఏడాది పొడుగునా ఠంచనుగా సరుకు వస్తుంది మేడం. కాకపోతే ఇంకెవరి దగ్గరా కొనకూడదు, అంతే!" "అంతేనా! ఇంకేం మిగిలిందయ్యా?" అంటూనే, ఖాళీ పలకను చూసి, ఆమె కలం మూత తీసింది.

అంతలో తోట సాగుచేసే మరదలు రొప్పుతూ గంప దింపింది. "వాగు పొంగింది వదినా, చుట్టూ తిరిగొచ్చా. తిట్టకు." యజమానురాలు సొరకాయ తొడిమను తాకింది; తడి ఇంకా ఆరలేదు. ఏజెంటు తెచ్చిన నమూనా కాయ తొడిమ ఎండుపుల్లలా ఉంది. "ఇదెప్పుడు కోశారు?" అతడు కాయకు కట్టిన చీటీ తిప్పి చూశాడు. ప్యాక్ చేసిన తేదీ ఉంది, గడువు తేదీ ఉంది. కోసిన తేదీ లేదు. "రేపు మళ్లీ వాగు పొంగితే?" అన్నాడు ఉక్రోషంగా. "పొంగితే ఆలస్యంగా రాస్తాను," అని కలం అతడి జేబులో గుచ్చి, ఆమె సుద్దముక్క అందుకుంది.