ఆవిరి ఇంజనుకు పాలాభిషేకం

మా ఆవిరి రైలు గురించి బయటివారు ఎవరైనా అడిగితే, మా సంఘం అధ్యక్షులవారు చెప్పే కథ ఒకటి ఉంది. అందులో దూరదృష్టి ఉంటుంది, వారసత్వం ఉంటుంది, సింగపూరు తెలుగువారి ఐకమత్యం ఉంటుంది. ఇంజను మాత్రం ఉండదు. ఇంజను ఉన్న కథ కూడా ఒకటి ఉండటం న్యాయమని నా ఉద్దేశం.

ఆ ఇంజను మలేసియాలోని ఒక పామాయిల్ తోటలో గెలల బండ్లు లాగి, పని అయిపోయాక రేకుల షెడ్డులో తుప్పు పట్టింది. చిన్నది, పొగగొట్టంతో కలిపినా రెండు నిలువుల ఎత్తుండదు. దాన్ని పాత ఇనుము ధరకు కొని తెచ్చినవారు ఒక హైదరాబాదీ అంకుల్. ఓడల బాయిలర్లను పరీక్షించి సంతకం పెట్టే ఉద్యోగం చేసి విరమించారు. ఆంగ్ మో కియోలో ఆయన ఫ్లాటు. ఇంజను ఫ్లాటులో పట్టదు కాబట్టి వుడ్‌ల్యాండ్స్ శివారులో ఒక మొక్కల నర్సరీ వెనుక కొంత స్థలం అద్దెకు తీసుకున్నారు.

నేను ఆ నర్సరీకి ఒక ఆదివారం కరివేపాకు మొక్క కోసం వెళ్లాను. వెనుక నుంచి సుత్తి చప్పుడు వినిపించి చూడబోయాను. ఇంజను కింద పడుకున్న మనిషి, నేను తెలుగువాణ్ణని ఎలా పసిగట్టారో కానీ, బయటికి రాకుండానే అన్నారు: "చేతులు ఖాళీగున్నయా? గీ స్పానరు పట్టుకో."

పట్టుకున్నాను. మొక్క కొనడం మరిచిపోయి ఇంటికి వెళ్లాను.

నా వంశం గురించి ఒక మాట చెప్పాలి. మాది పల్నాడు. మావాళ్లు సున్నపు బట్టీల దగ్గర పనిచేశారు. తాత, తండ్రి, పెదనాన్నలు అందరూ ఆ వేడిలోనే బతికారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. సైన్స్ పార్కులో చల్లని గదిలో కూర్చుని పనిచేస్తాను. ఆదివారాలు ఇంజను పొయ్యి ముందు బొగ్గు ఎగదోస్తున్నానని ఫోనులో చెప్పినప్పుడు మా అమ్మ, "ఆ సెగ తగలకూడదనే కదరా నిన్ను చదివించింది?" అంది. మరుసటి ఆదివారం కూడా బొగ్గు ఎగదోయడానికే వెళ్లాను.

తొలి సంవత్సరాలు మేము ముగ్గురం నలుగురం. వర్షం పడితే మోకాళ్ల దాకా బురద. పట్టాలు నర్సరీ కంచె వెంట కొద్ది దూరమే ఉండేవి. ఇంజను ఆ చివరికి వెళ్లి, వెనక్కి నడిచి, మళ్లీ ఈ చివరికి వచ్చేది. అంకుల్ దగ్గర ఒక నియమం ఉండేది. పొయ్యి వెలిగించే ముందు ఎవరైనా సరే, అధికారి అయినా అతిథి అయినా, నీటి తొట్టి మూత తీసి లోపలికి చూడాలి. నీళ్లు శుభ్రంగా ఉన్నాయని నోటితో చెప్పాలి. చూడకుండా చెప్పినవాణ్ణి ఆయన ఆ రోజంతా ఇంజను ఎక్కనిచ్చేవారు కాదు. బాయిలర్ కడుపు పసిపిల్లల కడుపు లాంటిదని, పడనిది పోస్తే కక్కుతుందని ఆయన అనేవారు.

ఆ తరువాత సంఘం వచ్చింది.

ఎవరో ఒక వీడియో తీసి పెట్టారు. దాన్ని చూసి బ్యాంకుల నుంచి, ఐటీ కంపెనీల నుంచి మనవాళ్లు రావడం మొదలుపెట్టారు. రావడంలో తప్పు లేదు. వచ్చినవారిలో స్పానరు పట్టుకున్నవారు తక్కువ, ఫోను పట్టుకున్నవారు ఎక్కువ. కొంత కాలానికి సంఘం రిజిస్టరయింది. ఒక పెద్ద బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్న కృష్ణా జిల్లా పెద్దమనిషి అధ్యక్షులయ్యారు. ఎంతో మర్యాదస్థులు; ఆయన నోట 'అండీ' లేని వాక్యం నేను వినలేదు. ఇంజనును చేత్తో తాకగా కూడా చూడలేదు. ఆయన హయాంలో చరిత్ర ఉపసంఘం, ఆతిథ్య ఉపసంఘం, టీషర్టుల ఉపసంఘం ఏర్పడ్డాయి. టీషర్టుల రంగు మీద జరిగిన చర్చ బాయిలర్ గొట్టాలు మార్చడానికి పట్టిన కాలం కన్నా ఎక్కువ సాగింది. గొట్టాల ఉపసంఘం ఎందుకు లేదని అంకుల్ అడిగితే, మంచి సూచన అని సభ మెచ్చుకుంది. అంతే.

రైలుకు ఒక పెట్టె తగిలించాక ఇంకొక వేడుక మొదలైంది. ఇక్కడి హాకర్ సెంటర్ భోజనశాలల్లో బల్లల మీద చేసినట్టే, సభ్యులు పొద్దున్నే వచ్చి పెట్టెలోని సీట్ల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసుకునేవారు, అంటే ఆ చోటు తమదని గుర్తు పెట్టుకునేవారు. తరువాత కాఫీకి వెళ్లిపోయేవారు. టికెట్టు కొని పిల్లలతో వచ్చిన కుటుంబాలు నిలబడి ఉండేవి. టిష్యూ ప్యాకెట్లు దర్జాగా కూర్చుని రైలు ప్రయాణం చేసేవి.

ఇక అసలు సంగతి. బాయిలరుకు అనుమతి ఎప్పటికప్పుడు తిరిగి తీసుకోవాలి. ప్రభుత్వ అధికారి వచ్చి, ఇంజను పూర్తి ఆవిరిలో ఉండగా చూసి ఒప్పుకోవాలి. గడువు దగ్గరపడింది. అప్పుడు అధ్యక్షులవారు సభలో ఒక ప్రణాళిక పెట్టారు. నిప్పు ప్రమాదం, పొగ అసౌకర్యం, కనుక ఇంజనును చల్లగా నిలబెట్టి రంగు వేసి, నాటకాల పొగ యంత్రం ఒకటి, కూత పెట్టే స్పీకరు ఒకటి అమర్చి, పక్కన ఏసీ కాఫీ హోటల్ పెడదామన్నారు. వారసత్వం భద్రంగా ఉంటుందండీ అన్నారు. చాలామంది తలలూపారు.

అంకుల్ లేచారు. కోపిష్టి మనిషి, అరుస్తారనుకున్నాను. అరవలేదు. తన గుండెకు వేసిన స్టెంట్ల గురించి, డాక్టరు చెప్పిన జాగ్రత్తల గురించి ఆయన అంతకు ముందు ఎన్నడూ సభలో ఎత్తలేదు. ఆ రోజూ ఎత్తలేదు. "నేనున్నన్ని దినాలు అది ఉడకాలె," అన్నారు. "చల్లారినంక మీ ఇష్టం." ఏది చల్లారినంకో ఆయన చెప్పలేదు. నాకు అర్థమైంది.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. పొడిగించిన పట్టాల ప్రారంభోత్సవం రోజునే అధికారి వస్తారు. ఇంజను గెలిస్తే నిప్పు ఉంటుంది. ఓడితే స్పీకరు.

ఆ రోజు తెల్లవారేసరికి మేమిద్దరం అక్కడ ఉన్నాం. తొట్టి చూశాం, నీళ్లు శుభ్రంగా ఉన్నాయని నోటితో చెప్పుకున్నాం, పొయ్యి వెలిగించాం. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు నెమ్మదిగా లేవసాగింది. అధ్యక్షులవారు వచ్చి, అతిథులు రావడానికి ఇంకా సమయం ఉంది, మీరు టిఫిను తిని రండి, మా కార్యవర్గం చూసుకుంటుంది అన్నారు. కార్యవర్గం ఏదైనా చూసుకుంటుందని నమ్మడం మా తప్పే అని ఎవరైనా అంటే కాదనను. పక్క వీధిలో రోటీ ప్రాటా తిని వచ్చాం.

వచ్చేసరికి ఇంజనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. అంతవరకు నాకూ సంతోషమే; నేనూ బండికి బొట్టు పెట్టే ఇంటివాణ్ణే. అతిథులు వచ్చారు, అధికారి వచ్చారు, అంకుల్ మీట లాగారు. ఇంజను కదిలింది. నేను బాయిలరులోకి తొట్టి నీళ్లు వదిలాను.

నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్లు కనిపించలేదు. నురగ కనిపించింది. తరువాత పొగగొట్టం ఒకసారి దగ్గి, తెల్లటి జిగురు నురగను ఆకాశంలోకి చిమ్మింది. అది అతిథుల మీద, పట్టుచీరల మీద, కొత్త టీషర్టుల మీద, మరీ న్యాయంగా టిష్యూ ప్యాకెట్ల మీద పడింది. పెట్టెలో కూర్చున్న మా అమ్మాయి తల బయట పెట్టి, సింగపూరు యాసలో "నాన్నా, లైక్ కాపుచినో, లా," అంది.

అంకుల్ ఇంజను ఆపి, పొయ్యిలో నిప్పు లాగేయమని నాతో చెప్పి, దిగి, తొట్టి మూత తీసి వాసన చూశారు. ప్లాట్‌ఫారం వెనుక ఖాళీ పాల ప్యాకెట్లు, పగిలిన కొబ్బరి చిప్పలు అప్పటికే నా కంట పడ్డాయి.

"తొట్టిల పాలు వోసిండ్రా?" అన్నారు ఆయన.

అధ్యక్షులవారు కండువాతో భుజం తుడుచుకుంటూ, "అభిషేకం అండీ. కొబ్బరి నీళ్లు కూడా. కొత్త కారు కొన్నా చేస్తాం కదండీ," అన్నారు.

"కారు పెట్రోల్ ట్యాంకిల వోస్తరా సాబ్?"

అధ్యక్షులవారు రెండో భుజం కూడా తుడుచుకున్నారు. నిజానికి మనవాళ్లు తప్ప ఇంకెవరూ ఈ తప్పు చేయలేరు. ఇతర జాతుల వారు ఇంజనును పాడు చేస్తే అలక్ష్యంతో చేస్తారు. మేము భక్తిశ్రద్ధలతో చేస్తాం. అంతకన్నా ఘోరం, ముందు వరుసలో నిలబడి చేస్తాం.

అధికారి చైనీయుడు, ఓపిక గలవాడు. ఇది బాయిలరు లోపం కాదని, కడిగి మళ్లీ పిలవమని, ఇంకొక్కసారి మాత్రమే వస్తానని చెప్పి, చొక్కా మీది చుక్కలు రుమాలుతో తుడుచుకుని వెళ్లిపోయాడు.

వరుసగా కొన్ని ఆదివారాలు అంకుల్, నేను ఆ బాయిలరును కడిగాం. లోపల విరిగిన పాల వాసన ఎంత కడిగినా పోయేది కాదు. ఆయన మధ్యలో ఊపిరి అందక నర్సరీ కుండీల మీద కూర్చునేవారు. ఆ సంగతి వాళ్ల ఇంట్లో చెప్పొద్దని నాకు ఆజ్ఞ. ఆ రోజుల్లోనే నేను సంఘం వాట్సాప్ గుంపులో ఒక వివరణ పెట్టాను. పాలలోని కొవ్వు ఏం చేస్తుంది, మరిగే నీరు ఎందుకు నురగ కడుతుంది, నీళ్లు సిలిండర్లలోకి వెళితే ఇంజను ఎలా విరుగుతుంది, అన్నీ చదువుకున్నవారికి తగినట్టు క్రమంగా రాశాను. సమాధానంగా నమస్కారాలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి. డేటా శాస్త్రంలో డాక్టరేటు ఉన్న ఒక సభ్యుడు, అన్నింటికీ సైన్సులో జవాబు ఉండదు బ్రదర్ అని రాశాడు.

కార్యవర్గం తన పరిశోధన తాను చేసి, కారణం కనిపెట్టింది. పాలు పోసింది రాహుకాలంలో. రెండోసారి అధికారి వచ్చే రోజుకు సరైన ముహూర్తం పెట్టించి, ఈసారి పాలు కాస్త ఎక్కువగా పోయాలని తీర్మానించింది. తీర్మానానికి వ్యతిరేకంగా లేచిన చేతులు రెండు. రెండింటికీ బొగ్గు మసి ఉంది.

సభ అయ్యాక అంకుల్ నన్ను షెడ్డులోకి పిలిచారు. వాళ్లను ఆపలేమని నేను అన్నాను. తొట్టికి తాళం వేస్తే అపచారమని గొడవ చేస్తారని, స్పీకరుకు ఓటు వేస్తారని అన్నాను. ఆయన వినలేదు. పాత సామాన్లలో వెతికి, ఒక ఇత్తడి మూత తీశారు. చింతపండు పెట్టి తోమితే బంగారంలా మెరిసింది.

"అసలు మూతకు నల్ల రంగెయ్యి మియా," అన్నారు. "దీన్ని ముంగట పెడదాం."

నాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వాను. ఆ ఇత్తడి మూతను ఇంజనుకు ముందుభాగంలో, అందరికీ అందే ఎత్తులో బిగించాం. దాని కింద ఒక గొట్టం. గొట్టం తొట్టిలోకి వెళ్లదు. ఇంజను పక్కగా కిందికి దిగి, పట్టాల పక్క కాలువలోకి పోతుంది. కాలువ నర్సరీ అరటి మొక్కల మళ్లలోకి పోతుంది. సంఘానికి ఒక సందేశం పెట్టాను: అభిషేకం కోసం ప్రత్యేక ద్వారం ఏర్పాటు చేశాం. ఇంత మెచ్చుకోలు ఆ గుంపులో నాకు అంతకు ముందు ఎన్నడూ దొరకలేదు.

ముహూర్తం రోజు అధ్యక్షులవారు పట్టుపంచెతో వచ్చారు. మంత్రాలు చదివారు, పాలు పోశారు, కొబ్బరి నీళ్లు పోశారు, ఫొటోల కోసం మళ్లీ పోశారు. అంకుల్ ఇంజను మీద నిలబడి, చేతులు కట్టుకుని, ఎంతో గౌరవంగా చూశారు. తరువాత నల్ల మూత తీసి లోపలికి చూశారు. "నీళ్లు సాఫ్," అన్నారు నాతో, పెదవి కదలకుండా.

ఇంజను ఆ చివరికి వెళ్లింది. వెనక్కి వచ్చింది. గాజు గొట్టంలో నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. అధికారి తొట్టి, ముల్లు, గొట్టాలు అన్నీ చూసి, ఇత్తడి మూత దగ్గర కాసేపు ఆగాడు. వంగి కింద గొట్టం ఎక్కడికి పోతోందో చూశాడు. లేచి అంకుల్ ముఖం చూశాడు. ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

అధ్యక్షులవారు ఆ సాయంత్రమే మైకులో, ముహూర్త బలం ఎంతటిదో ఈరోజు కళ్లారా చూశామండీ అన్నారు. చప్పట్లు మారుమోగాయి. అంకుల్ అందరికన్నా గట్టిగా కొట్టారు.

అప్పటి నుంచి ప్రతి సీజను ఆరంభంలో ఆ అభిషేకం మా రైలు సంప్రదాయమైంది. చరిత్ర ఉపసంఘం దాని మీద ఒక బోర్డు రాయించింది. ఇత్తడి మూత ఇంజనుతో పాటే మలేసియా తోట నుంచి వచ్చిందని అందులో ఉంది. పొగ యంత్రం సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తరు. అంకుల్ ఆదివారాలు మెట్టు మెట్టుకు ఆగుతూ ఇంజను ఎక్కుతారు, కూత తాడు లాగుతారు. బొగ్గు నేనే ఎగదోస్తాను.

అరటి మొక్కలు ఆ కంచె వెంట మాత్రం విపరీతంగా ఎదిగాయి. నర్సరీ యజమాని ఏం ఎరువు వేస్తున్నారని మమ్మల్ని అడిగాడు. మా అధ్యక్షులవారిని అడగమన్నాను.